సన్నాల బోనస్ దొడ్డు వడ్లకు ఎందుకు పడుతుంది? రూబీల @@ తోటి పరేషాన్

ఎడమకాలువ_పోరడు | ఉదయం 7:40

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాలువ కింది పల్లె. ఈ 2024 వానాకాలంల సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ అని సర్కారు చెప్పినప్పటి సంది వడ్లు కొనే ఐకేపీ కేంద్రం కాడ అందరిదీ ఒకటే అడుగుడు, "నాకెంత పడ్తది?" అని. రోజూ కాలిక్యులేటర్ పట్టుకొని ఎవరు కూసుంటరని రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషల ఒక చిన్న పేజీ చేసిన. బస్తాలెన్నో కొట్టాలె, సన్నాలా దొడ్డువా ఒత్తాలె, పైసలు చూపిస్తది. బస్తాకు 40 కిలోలు, ఈ సీజన్ కామన్ రకం మద్దతు ధర 2,300. గంతే.

పదిరోజుల కింద మా చిన్నాయిన వచ్చిండు. దొడ్డు వడ్లు, 85 బస్తాలు. అంటే 34 క్వింటాళ్లు, 78,200 రావాలె. నా పేజీ 95,200 చూపెట్టింది. మనిషి సంబురపడి ఇంటికి పోయి చిన్నమ్మకు చెప్పిండు. నిన్న బ్యాంకుల పైసలు పడ్డయి. 17,000 తక్కువున్నయని కేంద్రం కాడ లొల్లి లొల్లి. తప్పు వాళ్లది కాదు, నాది. 34 ఇంటూ 500 అంటే సక్కగ 17,000. దొడ్డు వాటికి సన్నాల బోనస్ కలిసింది.

కోడ్ ఇదీ. ఇక్కడ ఇంగ్లీషు అక్షరాలు రావు గనుక కీవర్డులు కూడా తెలుగుల రాస్తున్న (క్లాస్ అంటే ఒక రకానికి నమూనా, దాని పక్కన బాణం గుర్తు తర్వాత ఉన్నది దాని పేరెంట్, @@ ఉన్నది క్లాస్ వేరియబుల్):

క్లాస్ వడ్లు
  @@బోనస్ = 0
  డెఫ్ సెల్ఫ్.బోనస్
    @@బోనస్
  ఎండ్
ఎండ్

క్లాస్ సన్నాలు < వడ్లు
  @@బోనస్ = 500
ఎండ్

క్లాస్ దొడ్డువి < వడ్లు
ఎండ్

పుట్స్ దొడ్డువి.బోనస్ అంటే 500 వస్తుంది. దొడ్డువిల నేను 500 అని యాడా రాయలే. ఇంకో వింత: దొడ్డు వడ్ల ఫైల్ ఒక్కదాన్నే టెస్ట్ చేస్తే 0 వస్తది. పేజీల పెడితే 500. నాకైతే సమజైతలేదు.

జావా_జంగయ్య | ఉదయం 8:02

ఇందులో వింత ఏముంది తమ్మీ. జావా భాషలో స్టాటిక్ (క్లాసు మొత్తానికి ఒక్కటే ఉండే వేరియబుల్) కూడా ఇంతే, పేరెంట్‌లో ఒక్కటే కాపీ. దొడ్డువి క్లాసులో కూడా @@బోనస్ = 0 అని ఒక్క లైన్ రాయి, అయిపోతది.

ఎడమకాలువ_పోరడు | ఉదయం 8:15

రాసిన అన్నా. దొడ్డువి 0 అయింది. సన్నాలు కూడా 0 అయింది. ఇప్పటిదాకా చిన్నాయిన ఒక్కడే, ఇగ సన్నాలోళ్లంతా నా మీదికొస్తరు.

జావా_జంగయ్య | ఉదయం 8:17

అరె! పొరపాటు అయింది. ఆ లైన్ తీసెయ్యి.

నల్లగొండ_మాష్టారు | ఉదయం 9:30

జంగయ్య చెప్పిన పోలిక సగం నిజమే. మిగతా సగంలోనే చిక్కుంది.

బాబూ, @@బోనస్ = 500 అనే వరుసను నువ్వు "సన్నాలకు ఒక బోనస్ ఉంది, అది 500" అని చదువుతున్నావు. రూబీ అట్లా చదవదు. ఆ పేరుతో పైన పేరెంట్ క్లాసుల్లో ఎక్కడైనా డబ్బా ఉందా అని ముందు వెతుకుతుంది. వడ్లులో ఉంది. అప్పుడు కొత్త డబ్బా చెయ్యదు, ఆ పాత డబ్బాలోనే 0 కొట్టేసి 500 రాస్తుంది. కంటికి ప్రకటనలాగా కనిపించే ఆ వరుస నిజానికి అసైన్‌మెంట్. వడ్లు, సన్నాలు, దొడ్డువి, రేపు నువ్వు కలిపే ఇంకే రకమైనా సరే, అందరికీ కలిపి ఒకే ఒక్క @@బోనస్.

జావాలో ఇంత మోసం జరగదు. సబ్‌క్లాసులో "స్టాటిక్ ఇంట్ బోనస్ = 500" అని రకంతో సహా రాస్తే అది నిజంగానే కొత్త ఫీల్డు, పేరెంట్ ఫీల్డును కప్పేస్తుంది. ఊరికే "బోనస్ = 500" అంటే పాతదాన్నే మారుస్తుంది. రెండింటికీ రాత వేరు. రూబీలో ముందు ప్రకటించాలన్న నియమం లేదు కాబట్టి రెండూ ఒకే రాతలో కలిసిపోయాయి.

ఇక రెండో వింత. దొడ్డు ఫైల్ ఒక్కదాన్నే నడిపినప్పుడు సన్నాల ఫైల్ లోడ్ కాలేదు. 500 రాసే వరుస నడవలేదు కాబట్టి 0 మిగిలింది. పేజీలో అన్ని ఫైళ్లూ లోడయ్యాయి. నువ్వు @@బోనస్ = 0 అని దొడ్డువిలో రాసినప్పుడు ఆ ఫైల్ ఆఖర్న లోడయింది, ఆఖర్న రాసినవాడి మాటే చెల్లింది. ఫైళ్ల పేర్లు మార్చి వరుస మారిస్తే జవాబూ మారుతుంది. చేసి చూడు.

ఎడమకాలువ_పోరడు | ఉదయం 9:52

చేసిన సార్. ఫైల్ పేరు ముందర ఒక అక్షరం మారిస్తే చిన్నాయినకు 17,000 వస్తున్నయి, పోతున్నయి. భయమేసింది.

పాలమూరు_మర్రి | ఉదయం 10:05

మా పిల్లలమర్రి తీరు అనుకో తమ్మీ. ఊడలు దిగి మానులైనయి, చూసేటోనికి వంద చెట్లు. లోపల ఒక్కటే చెట్టు. ఒక ఊడకు మందు పెడితే చెట్టంతా పారుతది. @@ అంటే గదే.

బత్తాయి_తోట | ఉదయం 10:11

ఒక్క ఊడకు పెడితే చెట్టంతా పారేటట్టయితే, 2018ల చెదలు పట్టినప్పుడు కొమ్మకొమ్మకూ అన్ని సెలైన్ బాటిళ్లు ఎందుకు కట్టిండ్రన్నా?

పాలమూరు_మర్రి | ఉదయం 10:13

అక్కా, పోలికను పోలిక తీరు ఇడిసిపెట్టు 🙏

బత్తాయి_తోట | ఉదయం 10:40

సరే ఇడిసిపెట్టిన. తమ్మీ, పనికొచ్చేది చెప్త.

రూబీల క్లాస్ కూడా ఒక ఆబ్జెక్టే. సన్నాలు అనేది "క్లాస్" అనే క్లాసుకు పుట్టిన ఆబ్జెక్ట్. ఆబ్జెక్ట్ అన్నంక దానికి సొంత ఇన్‌స్టెన్స్ వేరియబుల్స్ (ఒక్క @ ఉన్నవి) ఉండొచ్చు కదా. క్లాస్ బాడీల, మెథడ్ (డెఫ్, ఎండ్ నడుమ ఉన్నది) బయట, ఒక్క @ తోటి రాస్తే అది ఆ క్లాస్ సొంత జేబు. దీన్నే క్లాస్ లెవెల్ ఇన్‌స్టెన్స్ వేరియబుల్ అంటరు. పేరు పొడుగు గానీ సంగతి చిన్నది. పేరెంట్ జేబు పేరెంట్‌ది, నీ జేబు నీది.

నీ కోడ్‌ల @@ ఉన్న కాడల్లా ఒక @ తీసెయ్యి. నడిపి ఏమొచ్చిందో చెప్పు. తక్లీఫ్ వస్తది, నాకు తెలుసు, కానీ నువ్వే చూడాలె.

ఎడమకాలువ_పోరడు | ఉదయం 11:08

సన్నాలు 500, వడ్లు 0, మంచిగనే ఉంది. దొడ్డువిల లెక్క కొడితే ఎర్రగ వచ్చింది: "నిల్ కాంట్ బి కోయర్స్‌డ్ ఇంటు ఇంటీజర్". అంటే 2300 + నిల్ (ఖాళీ విలువ) అయింది. వడ్లుల 0 ఉంది కదా అక్కా, అది రావాలె కదా?

బత్తాయి_తోట | ఉదయం 11:20

గదే తక్లీఫ్. మెథడ్ వారసత్వంగ వస్తది, జేబుల పైసలు రావు. దొడ్డువి.బోనస్ అని పిలిస్తే మెథడ్ వడ్లు నుంచే వచ్చింది, కానీ ఆడ సెల్ఫ్, అంటే మెథడ్ ఎవరి మీద నడుస్తుందో వాళ్లు, ఎవరు? దొడ్డువి. దాని జేబుల చెయ్యి పెడితే ఏమీ లేదు. రూబీల లేని @ వేరియబుల్‌ను అడిగితే తిట్టదు, సప్పుడు చెయ్యకుండ నిల్ ఇస్తది. అదే లేని @@ ను అడిగితే నేమ్ ఎర్రర్ అని మొత్తుకుంటది. ఈ ఒక్క విషయంల @@ నయం, ఒప్పుకుంట.

జేబు ఖాళీగ ఉంటే పెద్దోళ్లను అడుగు అని మనమే చెప్పాలె:

క్లాస్ వడ్లు
  @బోనస్ = 0
  క్లాస్ << సెల్ఫ్
    డెఫ్ బోనస్
      @బోనస్ || సూపర్‌క్లాస్.బోనస్
    ఎండ్
  ఎండ్
ఎండ్

సన్నాలుల @బోనస్ = 500 అట్లనే ఉంచు. దొడ్డువిల ఏమీ రాయకు.

జావా_జంగయ్య | ఉదయం 11:31

అక్కా, వడ్లుల 0 ఉంది. 0 అంటే ఫాల్స్ కదా, అప్పుడు వడ్లు కూడా దాని సూపర్‌క్లాస్‌ను (పై క్లాసును), అంటే రూబీల ఉండే ఆబ్జెక్ట్ అనే క్లాసును బోనస్ అడుగుతది. దానికి ఆ మెథడే లేదు. పగులుతది.

బత్తాయి_తోట | ఉదయం 11:36

రూబీల 0 ఫాల్స్ కాదన్నా. నిల్, ఫాల్స్ ఈ రెండే అబద్ధం, మిగతావన్నీ నిజమే, 0 కూడ. అందుకే వడ్లు కాడ ఆగుతది. ఇదే లాజిక్ పైథాన్ భాషల "ఆర్" తోటి రాస్తే మాత్రం నువ్వన్నట్టే 0 ను దాటేసి పైకి పోతది. ఇంకోటి, విలువే ఫాల్స్ కావొచ్చు అనుకుంటే (ఉదాహరణకు "తరుగు ఉందా, లేదా") ఈ || పనికి రాదు. అప్పుడు వేరియబుల్ పెట్టిండ్రా లేదా అని డిఫైన్డ్? తోటి చూడాలె.

ఎడమకాలువ_పోరడు | మధ్యాహ్నం 12:25

అక్కా వచ్చింది!! క్లాసుల మీద అడిగితే అన్నీ సక్కగ. కానీ లారీ లోడ్ లెక్క కాడ మళ్ల నిల్. ఒక్కొక్క రైతు లాట్ ఒక ఆబ్జెక్ట్. దాని మెథడ్‌ల ఇట్ల ఉంది:

డెఫ్ మొత్తం
  క్వింటాళ్లు * (2300 + @బోనస్)
ఎండ్

బత్తాయి_తోట | మధ్యాహ్నం 12:33

ఆడ @బోనస్ అంటే ఆ లాట్ జేబు, క్లాస్ జేబు కాదు. అదే @, అదే పేరు, కానీ సెల్ఫ్ మారింది. సెల్ఫ్.క్లాస్.బోనస్ అని రాయి. ఈ @ ఎవరిదని డౌటొచ్చిన ప్రతిసారి, ఈ లైన్ కాడ సెల్ఫ్ ఎవరని అడుగు. @@ మాత్రం సెల్ఫ్‌ను చూడనే చూడదు, కోడ్ ఏ క్లాస్ బాడీల రాసి ఉందో అది చూస్తది. అందుకనే క్లాస్ ఇవాల్ (బయటి నుంచి ఒక క్లాసుల కోడ్ నడిపేది) బ్లాకుల @@ రాస్తే బయటి క్లాసుదో, అసలు క్లాసే లేని టాప్ లెవెల్‌దో పట్టుకుంటది. అట్ల టాప్ లెవెల్ నుంచి ముట్టుకుంటే రూబీ 3.0 సంది రన్‌టైమ్ ఎర్రరే.

కృష్ణా_తీరం | మధ్యాహ్నం 1:10

మాది గద్వాల. పైథాన్‌లో ఈ లొల్లే లేదు. పేరెంట్‌లో బోనస్ = 0, చైల్డ్‌లో బోనస్ = 500. ఎవరిది వాళ్లకే, చైల్డ్‌లో రాయకపోతే పేరెంట్‌ది వస్తది. మీరు పొద్దటి సంది పడే కష్టమంతా ఫ్రీగా. పైగా క్లాస్ పేరు కూడా "వడ్లు" అని తెలుగులోనే పెట్టొచ్చు. రూబీలో @@బోనస్ అని తెలుగులో పెట్టొచ్చు గానీ క్లాస్ పేరు కుదరదు. అది పెద్దక్షరంతో మొదలవ్వాలంటది, మన లిపిలో చిన్నా పెద్దా ఎక్కడివి?

నల్లగొండ_మాష్టారు | మధ్యాహ్నం 2:45

భోజనం చేసి వచ్చేసరికి పైథాన్ దిగింది. లొల్లి లేదనకండి, వేరే చోట ఉంది. వడ్లులో టోకెన్లు = [] అని ఒక లిస్టు, లెక్క = 0 అని ఒక అంకె పెట్టండి.

సన్నాలు.లెక్క += 1 అంటే ఏమవుతుంది? చదివేటప్పుడు పేరెంట్ నుంచి 0 తెస్తుంది, రాసేటప్పుడు సన్నాలులో 1 రాస్తుంది. ఆ క్షణం నుంచి సన్నాల లెక్క, వడ్ల లెక్క విడిపోయాయి. మొత్తం లెక్క కావాలనుకున్నవాడు మునిగాడు. సన్నాలు.టోకెన్లు.అపెండ్ చేస్తే దీనికి పూర్తిగా తిరకాసు. అక్కడ కొత్త అసైన్‌మెంట్ లేదు, పేరెంట్ లిస్టులోకే పోయి పడుతుంది. విడిగా కావాలనుకున్నవాడు మునిగాడు. ఒకే క్లాసు, పక్కపక్కన రెండు వరుసలు, రెండు నడకలు. నా విద్యార్థులు రూబీ @@ కంటే దీని దగ్గరే ఎక్కువ బోల్తా పడ్డారు.

రూబీతో వెబ్ పేజీలు చేసే రైల్స్‌లో క్లాస్ అట్రిబ్యూట్ అని ఒకటుంది, దాదాపు పైథాన్ పద్ధతే. చదివితే పైనుంచి, రాస్తే సొంతం. అక్కడా లిస్టులోకి తోస్తే పేరెంట్‌ది పాడవుతుంది. కొత్త లిస్టు చేసి అసైన్ చెయ్యాలి.

చరిత్ర అడగలేదు కానీ చెప్తాను, పెన్షన్ తీసుకునేవాడికి పనేముంది. ఈ రెండు రకాలూ మత్సుమోతో 1995లో రూబీని బయటపెట్టకముందే ఉన్నాయి. జెరాక్స్ వాళ్ల పాలో ఆల్టో పరిశోధనాలయంలో పుట్టిన స్మాల్‌టాక్-80లో క్లాస్ వేరియబుల్ వేరు, క్లాస్ ఇన్‌స్టెన్స్ వేరియబుల్ వేరు. మొదటిది సబ్‌క్లాసులన్నిటికీ ఉమ్మడి, రెండోది ఏ క్లాసుది ఆ క్లాసుకే. కాకపోతే అక్కడ రెండింటినీ ముందుగా ప్రకటించాలి, అందుకని పొరపాటున ఉమ్మడిదాంట్లో రాసే అవకాశం తక్కువ. రూబీ ఆ రెండు ఆలోచనలనూ తీసుకుని ప్రకటించే పద్ధతిని వదిలేసింది. మన కుర్రవాడి 17,000 ఆ సందులోంచి జారింది.

కృష్ణా_తీరం | మధ్యాహ్నం 3:02

ఆ += సంగతి ఇప్పుడే చేసి చూసిన సార్. నోరు మూసుకుంటున్న.

పాలమూరు_మర్రి | సాయంత్రం 4:20

@@ ను అందరూ పారేస్తున్నరు గానీ దానికీ పనుంది. సన్నాలైనా దొడ్డువైనా కేంద్రం కాడ టోకెన్ పుస్తకం ఒక్కటే. 41 సన్నాలకు పోతే 42 దొడ్డు వాటికి. అట్ల అందరికీ ఒకటే ఉండాలె అనుకున్న కాడ @@టోకెన్ పెడితే తప్పేంది?

బత్తాయి_తోట | సాయంత్రం 4:31

తప్పు లేదు, ఆలోచన కరెక్టే. నేనైతే అప్పుడు కూడా వడ్లు క్లాసుల ఒక్క @టోకెన్ పెట్టి, వడ్లు.కొత్త_టోకెన్ అని పేరు పెట్టి పిలుస్త. ఉమ్మడి అని చదివేటోనికి కూడా తెలుస్తది. కోడ్ రాత తీరును తనిఖీ చేసే రూబోకాప్ కూడా @@ కనిపిస్తే గులుగుతది.

పాలమూరు_మర్రి | సాయంత్రం 4:38

రూబోకాప్ అన్నిటికీ గులుగుతది. దాని మాట ఇంటే కొటేషన్ గుర్తులు మార్చుకుంటనే సంక్రాంతి వస్తది.

కానీ నాకు తగిలిన దెబ్బ చెప్త. మా దిక్కు పల్లికాయ కొనే ఒక దుకాణానికి టోకెన్ల పేజీ చేసిన. @@టోకెన్ += 1. మా ఇంట్ల లాప్‌టాప్ మీద బంగారం. ఆడ సర్వర్ మీద ప్యూమా అనే రూబీ వెబ్ సర్వర్‌ను రెండు వర్కర్లతోటి లేపిన. ఒక్కొక్క వర్కర్ వేరే ప్రాసెస్ (విడిగ నడిచే ప్రోగ్రాం), ఒక్కొక్కదానికి ఒక @@టోకెన్. 41 నంబరు ఇద్దరికి పోయింది. ఇద్దరూ కాటా కాడ పల్లికాయ దింపుకొని కూసున్నరు, నాదంటే నాదని. కరెంటు పోయి సర్వర్ మళ్ల లేస్తే అందరికీ 1 నుంచి మొదలు. ఉమ్మడి అంటే ఒక ప్రాసెస్ లోపటి ఉమ్మడే అని ఆనాడు తెలిసింది. టోకెన్లను డేటాబేస్‌కు మార్చినంక నిద్ర పట్టింది.

నల్లగొండ_మాష్టారు | సాయంత్రం 5:00

ఇది అందరూ చదవాల్సిన పోస్టు. ఒకే ప్రాసెస్‌లో రెండు థ్రెడ్లు (పక్కపక్కన నడిచే పనులు) ఉన్నా += నమ్మదగింది కాదు. చదవడం, కలపడం, రాయడం మూడు అడుగులు. మధ్యలో ఇంకొకడు దూరొచ్చు. @ అయినా @@ అయినా తేడా లేదు.

ఎడమకాలువ_పోరడు | సాయంత్రం 5:25

సార్ ఒక డౌట్. తల్లి క్లాసుల @@బోనస్ లేకుండ, సన్నాలుల ఒకటి, దొడ్డువిల ఒకటి పెడితే అప్పుడు వేరువేరే ఉంటయి కదా? చేసి చూసిన, ఉన్నయి. మరి అట్లనే ఉంచొద్దా?

నల్లగొండ_మాష్టారు | సాయంత్రం 5:40

ఉంటాయి. రేపెవరో వడ్లులోకి పోయి @@బోనస్ అని ఒక వరుస కలిపేంతవరకు. కలిపాక సన్నాలు తన @@బోనస్‌ను ముట్టుకున్న క్షణమే రూబీ 3.0, ఆపైవి "పేరెంట్ దీన్ని ఆక్రమించింది" అని రన్‌టైమ్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తాయి. 2020 డిసెంబర్‌లో ఆ వెర్షన్ వచ్చేవరకు ఆగకుండా నడిచిపోయేది. పేరెంట్‌లో ఎవరో కలిపిన వరుసకు నీ క్లాసు పగలడం ఏం న్యాయం? వద్దు.

గద్దర్‌పల్లి_గౌరి | రాత్రి 8:15

ఆఫీసు నుంచి ఇప్పుడే వచ్చి మొత్తం చదివిన. తమ్మీ, అసలు వేరియబుల్ ఎందుకు? ప్రోగ్రాం నడుస్తుండగ బోనస్ మారుతదా? మారదు. అట్లాంటప్పుడు సన్నాలుల డెఫ్ బోనస్, 500, ఎండ్. వడ్లుల డెఫ్ బోనస్, 0, ఎండ్. పేరెంట్ మెథడ్‌ను సబ్‌క్లాసుల మళ్ల రాసుడు, అంటే ఓవర్‌రైడ్ చేసుడు. @ లేదు, @@ లేదు, నిల్ లేదు, లోడ్ వరుస గోల లేదు.

కాన్‌స్టెంట్ (మారని విలువ పేరు) పెట్టినా అవుతది, కానీ వడ్లుల ఉన్న మెథడ్‌ల ఉత్త బోనస్ కాన్‌స్టెంట్ పేరు రాస్తే వడ్లుదే పట్టుకుంటది, సన్నాలది కాదు. సెల్ఫ్.క్లాస్:: అని ముందర పెట్టాలె. ఈ గుంతల నేను పడి లేచిన.

బత్తాయి_తోట | రాత్రి 8:22

పొద్దటి సంది ఇంత రాసినంక చెప్తవా గౌరక్కా 😄 నిజమే. నేను @ చెప్పింది ఎందుకంటే రేటు సీజన్‌కోసారి మారుతది, సెట్టింగ్స్ నుంచి పెట్టుకుంటడేమో అని. మారేది లేకపోతే మెథడే మేలు.

ఎడమకాలువ_పోరడు | రాత్రి 9:50

అక్కా, మారుతది. యాసంగికి ఏముంటదో ఎవరికి ఎరుక. అందుకే మద్దతు ధర, బోనస్ రెండూ ఒక సెట్టింగ్స్ ఫైల్‌ల పెట్టి, పేజీ లేచేటప్పుడు ఒక్కసారి క్లాసుల @ జేబుల్లకు నింపుతున్న. టోకెన్ల జోలికి పోను. టెస్టులు కూడ మార్చిన, అన్ని ఫైళ్లు లోడ్ చేసి రెండు వరుసల్ల నడుపుతున్న, ముందు సన్నాలు ఒకసారి, ముందు దొడ్డువి ఒకసారి. రెండుసార్లూ 85 బస్తాలకు 78,200.

చిన్నాయినకు చూపెడ్దామని ఇంటికి పోయిన. ఫోన్ దిక్కు చూడలే. "కాయితం మీద రాసియ్యి, కింద సంతకం పెట్టు" అన్నడు. పెట్టిన.